బయానాకి ముందు ఒక కాగితం

పొలమో, ఇళ్ళ స్థలమో, పాత ఇల్లో అమ్ముదామనుకుంటున్నవాళ్ళు ఇప్పుడీ ప్రసంగం వింటూ ఉండొచ్చు. కొందామనుకుంటున్నవాళ్ళూ వింటూ ఉండొచ్చు. వాళ్ళిద్దరికీ మధ్య ఉండి బేరం కుదిర్చే ఏజెంట్లూ వింటూ ఉండొచ్చు. మీ ముగ్గురితోనూ ఇవాళ ఒక్క సంగతే మాట్లాడతాను. బయానా చేతులు మారకముందు, మధ్యలో ఉన్న మనిషి దగ్గర ఒక కాగితం రాయించుకోండి. ఆ కాగితంలో ఏముండాలి? ఎందుకుండాలి? దాన్ని అడిగే హక్కు మనకి ఎక్కడిది? ఇదే ఇవాళ్టి మాట.

బందరులో మధ్యవర్తి పని నిన్నా మొన్నా పుట్టింది కాదు. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు ఇక్కడే, అంటే మచిలీపట్నంలో, వర్తక స్థావరం పెట్టారు. అప్పుడు వాళ్ళకీ, ఇక్కడి నేతగాళ్ళకీ మధ్య బేరాలు నడిపింది దుబాసీలు. ఇరువైపుల భాషా తెలిసినవాళ్ళు, ఇరువైపుల అవసరమూ తెలిసినవాళ్ళు. ఇవాళ గుడివాడలో, చల్లపల్లిలో, అవనిగడ్డలో ఎవరి పొలం అమ్మకానికొచ్చిందో, ఎవరి చేతిలో డబ్బుందో తెలిసిన మనిషి చేసేదీ అలాంటి పనే. అది అవసరమైన పని. తెలివిగల పని. కష్టమైన పని కూడా.

దీన్ని మనవాళ్ళు పెళ్ళి సంబంధాలు కుదిర్చే పేరయ్య పనితో పోలుస్తూ ఉంటారు. పోలిక బాగానే ఉంటుంది. ఇద్దరినీ కలుపుతాడు, మంచి చెబుతాడు, పని అయ్యాక తాంబూలం తీసుకుంటాడు. కానీ ఒక్క చోట ఆ పోలిక చెల్లదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమని సామెత ఉంది. భూమి బేరంలో ఒక్క అబద్ధం చాలు, రెండు కుటుంబాలు ఇరవై ఏళ్ళు కోర్టు మెట్లు ఎక్కి దిగడానికి. అందుకే ఏజెంటు అసలు పని ధర కుదర్చడం కాదంటాను. తనకు తెలిసింది దాచకుండా చెప్పడం, తెలియనిది తెలియదని చెప్పడం. ధర కుదర్చడం ఆ తరవాతే.

ఇక ఆ కాగితంలో మూడు మాటలుండాలి. ఒకటి, నేను ఎవరి తరఫున పనిచేస్తున్నాను. రెండు, నా కమీషన్ ఎంత, ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు. మూడు, ఈ ఆస్తి గురించి నేను ఏం చూశాను, ఏం చూడలేదు. ఎవరి తరఫున, ఎంత కమీషన్, ఏం చూశాను. అంతే. కింద సంతకం, తేదీ.

మొదటి మాట తీసుకుందాం. ఎవరి తరఫున?

గుడివాడ దగ్గర ఒక రైతు ఎకరం పొలం అమ్మాలనుకున్నాడు అనుకుందాం. ఏజెంటుతో చెప్పాడు. ఏజెంటు వచ్చి, "బాబాయ్, 60 లక్షలకి మించి పలకడం లేదు, ఇచ్చేద్దాం" అన్నాడు. అవతల కొనేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "రైతు 63కి ఒక్క రూపాయి తగ్గనంటున్నాడు" అన్నాడు. వాళ్ళు సరేనన్నారు. మధ్యలో మూడు లక్షలు ఎవరికీ తెలియకుండా నిలబడ్డాయి. పైగా రైతు దగ్గర ఒక శాతం కమీషన్ కింద 60 వేలు తీసుకున్నాడు. ఇది తెలివితేటల కింద చెల్లిపోతోంది మన దగ్గర. చట్టం దృష్టిలో అవి తెలివితేటలు కావు.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఇవాళ్టికీ అమల్లో ఉంది. అందులో ఏజెంటు గురించి ఒక అధ్యాయమే ఉంది. ఎవరి తరఫున పనిచేస్తున్నాడో వాళ్ళు చెప్పినట్టు చెయ్యాలి. లెక్క చెప్పాలి. చిక్కు వస్తే వాళ్ళని అడిగి నడుచుకోవాలి. వాళ్ళకి తెలియకుండా తన సొంతానికి బేరం చేసుకుంటే, వచ్చిన లాభం వాళ్ళు అడిగి రాబట్టుకోవచ్చు. చట్టం రాసినవాళ్ళు అక్కడ ఒక ఉదాహరణ కూడా ఇచ్చారు. ఫలానా ఇల్లు కొనిపెట్టమని ఒకాయన ఏజెంటుకి చెప్పాడు. ఏజెంటు, అది దొరకదని చెప్పి, తానే కొనుక్కున్నాడు. సంగతి తెలిశాక, కొన్న ధరకే ఆ ఇల్లు తనకి అమ్మాలని ఆయన పట్టుబట్టవచ్చు. చూశారా, నూట యాభై ఏళ్ళ కిందటి చట్టానికి కూడా ఈ సంగతి తెలుసు.

ఇంకో పద్ధతి ఉంది. ఏజెంటు రైతుకి కొంత అడ్వాన్సు ఇచ్చి, తన పేరున అగ్రిమెంటు రాయించుకుంటాడు. ఆరు నెలలు గడువు పెట్టుకుంటాడు. ఈలోగా ఎక్కువ ధరకి ఇంకొకరికి కుదిర్చి, రైతు చేత నేరుగా వాళ్ళ పేరున రిజిస్ట్రేషన్ చేయిస్తాడు. ఇది నేరమని నేననను. కానీ అప్పుడతను ఏజెంటు కాదు, కొనేవాడు. ఆ మాట రైతుకి ముందే చెప్పాలి. కొనేవాడు కావచ్చు, ఏజెంటు కావచ్చు. చెప్పకుండా రెండూ ఒకేసారి కాకూడదు.

రెండు వైపులా పనిచేసే ఏజెంట్లు మన దగ్గర ఎక్కువ. ఇటు ఒక శాతం, అటు ఒక శాతం తీసుకుంటారు. ఆ సంగతి ఇద్దరికీ తెలిస్తే తప్పులేదు. అందుకే ఆ కాగితంలో మొదటి మాట అది.

రెండో మాట, కమీషన్. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎంతో ముందే అనుకోండి, ఎప్పుడివ్వాలో ముందే అనుకోండి. వేరే ఒప్పందం లేకపోతే, పని పూర్తయ్యాకే ప్రతిఫలం అని అదే కాంట్రాక్టు చట్టం చెబుతోంది. రిజిస్ట్రేషన్ అయ్యాక ఇవ్వడం మంచి పద్ధతి. కొందరు అగ్రిమెంటు రోజు సగం, రిజిస్ట్రేషన్ రోజు సగం అనుకుంటారు. అదీ బాగానే ఉంటుంది. ఏదైనా సరే, రాసుకోండి.

ఇప్పుడు మూడో మాట. అసలు బరువంతా దీని మీదే ఉంది. ఏం చూశాను, ఏం చూడలేదు.

మన ప్రాంతం భూములకి ఒక్కో చోట ఒక్కో కథ ఉంది. బందరు సంగతి వేరు, గుడివాడ సంగతి వేరు, దివిసీమ సంగతి వేరు. ఆ కథ ఏజెంటుకి తెలిసి ఉండాలి. తెలియకపోతే కనుక్కోవాలి.

బందరులో పాత పేటలున్నాయి. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట. అలాంటి పేటలో తాతల నాటి పెంకుటిల్లు ఒకటి అమ్మకానికొచ్చింది అనుకోండి. అన్నదమ్ములు ముగ్గురూ సంతకాలు పెడతామంటున్నారు. ఏజెంటు అడగాల్సిన మొదటి ప్రశ్న ఏమిటి? "అయ్యా, మీకు అక్కచెల్లెళ్ళు ఎంతమంది?" ఈ ప్రశ్న అడగడానికి మన దగ్గర మొహమాటపడతారు. పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు కదా అంటారు. మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ 1986లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం తెచ్చిన ప్రభుత్వాన్ని నడిపిన ఎన్.టి. రామారావు ఇక్కడి నిమ్మకూరులో పుట్టినవారే. ఆ చట్టం అప్పటికే పెళ్ళయినవాళ్ళకి వర్తించలేదు. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాక ఆ తేడా పోయింది. కూతురికి పుట్టుకతోనే ఆ హక్కు వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి అక్కచెల్లెళ్ళ సంతకం లేని కాగితం మీద బయానా ఇప్పించడం ఏజెంటుగా తప్పు. వాళ్ళు ఒప్పుకుంటారో లేదో తరవాత సంగతి. వాళ్ళున్నారని కొనేవాళ్ళకి చెప్పడం ఏజెంటు పని.

ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీశాం కదా, ఇంకేం చూడాలి అంటారు కొందరు. ఈసీ చూడాల్సిందే. కానీ ఈసీలో రిజిస్టరు అయిన లావాదేవీలే కనిపిస్తాయి. అక్కచెల్లెళ్ళు కనిపించరు. రిజిస్టరు చెయ్యని పంపకాల కాగితం కనిపించదు. పొలంలో ఉన్న కౌలురైతు కనిపించడు. అందుకే ఈసీ తీసి చేతిలో పెట్టడంతో ఏజెంటు బాధ్యత తీరదు.

దివిసీమ దగ్గరికి వద్దాం. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన గురించి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఊళ్ళకు ఊళ్ళు పోయాయి. వేలమంది మనుషులు పోయారు. ఇళ్ళతోపాటు పెట్టెల్లో దాచుకున్న దస్తావేజులూ పోయాయి. అసలు దస్తావేజు లేదంటే, ఆ భూమి మంచిది కాదని అర్థం కాదు. రిజిస్టరు అయిన దస్తావేజుకి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరుకుతుంది. ఓపిగ్గా ఆ నకళ్ళు తీయించి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వరస కలపడం మంచి ఏజెంటు చెయ్యాల్సిన పని. లింకు డాక్యుమెంట్లు అంటామే, అవి.

దివిసీమలో ఇంకో సంగతి. ఒకప్పుడు చల్లపల్లి జమీ ఇక్కడ. తరవాత జమీందారీ రద్దు వచ్చింది, 1973 భూపరిమితి చట్టం వచ్చింది. ప్రభుత్వం పేదలకి పట్టాలిచ్చిన భూములున్నాయి. లంక భూములున్నాయి. దేవుడి మాన్యాలున్నాయి. పైకి చూస్తే అన్నీ ఒకేలాంటి వరిచేలు. కాగితంలో మాత్రం ఒకటి కాదు. ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూమి, మనం డి పట్టా అంటామే, దాన్ని అమ్మకూడదని 1977 చట్టం. అలాంటి భూమి కొంటే ఆ కొనుగోలు చెల్లదు. 2023లో చట్టాన్ని సవరించి, 20 ఏళ్ళు దాటిన అసైన్డు భూములకి కొన్ని షరతులతో హక్కు కల్పించారు. దాంతో "ఇప్పుడన్నీ అమ్ముకోవచ్చు" అని చెప్పే ఏజెంట్లు తయారయ్యారు. అన్నీ కాదు. రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర నిషేధిత భూముల జాబితా ఉంటుంది. 22-ఎ జాబితా అంటారు. ఆ శాఖ వెబ్‌సైటులోనే చూసుకోవచ్చు. ఆ జాబితాలో ఈ సర్వే నంబరు లేదు, ఫలానా తేదీన చూశాను అని ఏజెంటు రాసి సంతకం పెట్టాలి. నోటిమాట చాలదు.

రీసర్వే అయిన ఊళ్ళలో ఇంకో జాగ్రత్త. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో రీసర్వే మొదలైంది. పూర్తయిన ఊళ్ళలో పాత సర్వే నంబరు బదులు ఎల్.పి.ఎం., అంటే ల్యాండ్ పార్సెల్ మ్యాప్, నంబరు వచ్చింది. కొన్ని చోట్ల విస్తీర్ణంలో సెంట్లు అటూ ఇటూ అయ్యాయి. దస్తావేజులో పాత నంబరు, అడంగల్‌లో కొత్త నంబరు. రెండూ ఒకే భూమివేనా? దస్తావేజులో ఎకరం ఉంటే కొత్త రికార్డులో 96 సెంట్లే ఉందా? ఎకరానికి 60 లక్షల చొప్పున నాలుగు సెంట్లంటే 2 లక్షల 40 వేలు. సర్వేయరుని పిలిపించి, పక్క పొలాలవాళ్ళ ముందు కొలిపించాలి. ఇది బయానాకి ముందు జరగాలి. బయానా ఇచ్చాక కొలిస్తే, అది కొలత కాదు, తగాదా.

కాగితాల సంగతి ఇది. ఇక నేల సంగతి. ఇది ఏ ఆఫీసులోనూ దొరకదు. ఏజెంటు నోటినుంచే రావాలి.

ఈ చేనుకి నీళ్ళు ఏ కాలువ నుంచి వస్తాయి? శివారు ఆయకట్టా? సార్వాలో నాట్లకి నీళ్ళు ఎప్పుడందుతాయి? దాళ్వాకి నీళ్ళిస్తారా, మినుముతో సరిపెట్టుకోవాలా? బోరు వేస్తే మంచినీళ్ళు పడతాయా, ఉప్పునీళ్ళా? పక్కన రొయ్యల చెరువు ఉందా? దాని ఊట ఈ చేలోకి దిగుతోందా? మురుగు ఎటు పోతుంది? ట్రాక్టరు దిగడానికి పుంత ఉందా, ఇంకొకరి గట్టు మీదనుంచి వెళ్ళాలా? కౌలుకి ఎవరు చేస్తున్నారు? పంట చేలో ఉండగా అమ్మితే ఆ పంట ఎవరిది? నది పక్క ఊళ్ళలో అయితే మరో ప్రశ్న. ఈ భూమి కరకట్టకి నది వైపు ఉందా, ఊరి వైపు ఉందా? 2009 అక్టోబరులోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ ప్రకాశం బరాజు దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రెండుసార్లూ ఈ చేలో నీళ్ళు ఎంత నిలిచాయి, ఎన్నాళ్ళు నిలిచాయి? ఆ ఊళ్ళో పుట్టిన ఏజెంటుకి ఇది తెలుసు. హైదరాబాదు నుంచి వేసవిలో వచ్చి చూసుకుపోయే కొనుగోలుదారుకి తెలియదు. తెలిసినవాడు చెప్పకపోవడమే మోసం.

ఇప్పుడు లేఅవుట్ల సంగతి. గుడివాడ చుట్టుపక్కల, బందరు రోడ్డు పొడుగునా రంగురాళ్ళు పాతిన పొలాలు చూస్తూనే ఉన్నారు. బందరు పోర్టుకి 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన జరిగింది. ప్రతిసారీ పోర్టు పేరు చెప్పి ప్లాట్లు అమ్మినవాళ్ళున్నారు. పోర్టు వస్తుంది కాబట్టి ధర పెరుగుతుందని చెప్పడం ఒక అంచనా. ఈ లేఅవుటుకి అన్ని అనుమతులూ ఉన్నాయని, లేకుండానే చెప్పడం చట్టరీత్యా తప్పు. ఈ రెండింటికీ తేడా ఏజెంటుకీ తెలియాలి, మనకీ తెలియాలి.

2016లో కేంద్రం రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం తెచ్చింది. లేఅవుటు 500 చదరపు మీటర్లు దాటితే, అంటే మన లెక్కలో దాదాపు 12 సెంట్లు దాటితే, ఆ ప్రాజెక్టుని రెరాలో నమోదు చేయించాలి. నమోదు కాకుండా ప్రకటన వెయ్యకూడదు, అడ్వాన్సు తీసుకోకూడదు. అందులో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా విడిగా రెరాలో నమోదవ్వాలి. అతనికి ఒక నంబరు ఇస్తారు. తాను కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ ఆ నంబరు వెయ్యాలి. లెక్కలు, రికార్డులు ఉంచాలి. బుక్ చేసుకునే రోజే కాగితాలన్నీ కొనేవాళ్ళ చేతికి అందేలా చూడాలి. లేని అనుమతి ఉన్నట్టు చెప్పకూడదు. చెబితే రోజుకి 10 వేల జరిమానా. అది ఆ ప్లాటు ధరలో 5 శాతం దాకా పోవచ్చు. 20 లక్షల ప్లాటు అయితే లక్ష రూపాయలు. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. అమ్మకం ఒప్పందం రాసుకుని రిజిస్టరు చెయ్యకముందు, లేఅవుటు వేసినవాళ్ళు ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు.

అయితే మీ పక్కింటాయన తన పొలం అమ్ముకుంటే, తన ఇల్లు అమ్ముకుంటే, దానికి రెరా వర్తించదు. మన పల్లెల్లో బేరాలు ఎక్కువభాగం ఇలాంటివే. అక్కడ మనకి దిక్కు ఆ పాత కాంట్రాక్టు చట్టమూ, మనం రాయించుకునే ఆ కాగితమూ. అందుకే దాన్ని అంతగా పట్టుకుని చెబుతున్నాను.

అమెరికాలో ఉన్న పిల్లల డబ్బుతో ఇక్కడ పొలం కొనేవాళ్ళు గుడివాడ, పామర్రు వైపు చాలామంది. ప్రవాస భారతీయులు తమ పేరున ఇల్లు కొనుక్కోవచ్చు, ఇళ్ళ స్థలం కొనుక్కోవచ్చు. పొలం కొనడానికి మాత్రం విదేశీ మారకద్రవ్య నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఫోనులో చేను వీడియో చూపించి, బయానా పంపించమనే ఏజెంటు ఈ మాట చెప్పి తీరాలి. అలాగే జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, మీద అమ్మేవాళ్ళుంటారు. ఆ జీపీఏ ఇచ్చిన మనిషి బతికి ఉన్నారా, దాన్ని రద్దు చేశారా, ఏజెంటు కనుక్కోవాలి. మామూలుగా ఇచ్చినవారు పోతే ఆ జీపీఏ కూడా పోతుంది. జీపీఏ, అగ్రిమెంటు ఉన్నంత మాత్రాన భూమి మనది కాదని, రిజిస్టరు అయిన క్రయ దస్తావేజుతోనే అవుతుందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది.

నగదు గురించి ఒక్క ముక్క. "కాగితం మీద తక్కువ చూపిద్దాం, మిగతాది చేతికిద్దాం" అని సలహా ఇచ్చే ఏజెంటు మీకు మేలు చెయ్యడం లేదు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానా పడొచ్చని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. ఆ జరిమానా పడేది అమ్మిన రైతుకి. సలహా ఇచ్చిన ఏజెంటుకి కాదు.

ఇంతసేపూ ఏజెంట్ల బాధ్యత చెప్పాను. ఇప్పుడు మన బాధ్యత. ఎండలో పది చేలు తిప్పి చూపిస్తాడు. పెట్రోలు అతనిదే, ఫోను అతనిదే. నచ్చిన పొలం దొరికాక, అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఒకటై, అతన్ని పక్కకి తప్పించి, నేరుగా సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళిపోతారు. ఇది చాలా తప్పు. ఇలా ఎగ్గొట్టబట్టే, మధ్యలో దాచుకోవడం తప్పదనుకునే అలవాటు కొందరిలో పెరిగింది. కమీషన్ రాసుకుంటే ఏజెంటుకీ రక్షణే. ఆ కాగితం అతని మీద అనుమానంతో అడిగేది కాదు. అతని కష్టానికి రసీదు కూడా అదే.

కాగితం ఎలా ఉండాలో చదివి వినిపిస్తాను. "ఫలానా గ్రామం, ఫలానా ఎల్.పి.ఎం. నంబరు, ఎకరం పొలం అమ్మకంలో నేను అమ్మేవారి తరఫున పనిచేస్తున్నాను. నా కమీషన్ ఒక శాతం. రిజిస్ట్రేషన్ రోజున అమ్మేవారు ఇస్తారు. కొనేవారి దగ్గర నేను ఏమీ తీసుకోవడం లేదు. 30 ఏళ్ళ ఈసీ, లింకు డాక్యుమెంట్లు, అడంగల్, వన్-బి, 22-ఎ జాబితా చూశాను. ఇద్దరు ఆడపడుచులున్నారు, వారి సంతకాలు కావాలి. కౌలుదారు ఉన్నారు, సంక్రాంతికి పంట తీస్తారు. సర్వే ఇంకా చేయించలేదు." కింద సంతకం, తేదీ. అంతే. చదవడానికి ఒక నిమిషం పట్టలేదు.

ఇది అడిగితే ఏమనుకుంటాడో అని వెనక్కి తగ్గకండి. మన ఊరివాడే కదా, చుట్టమే కదా అని కూడా తగ్గకండి. నిజాయితీగా పనిచేసే ఏజెంటు సంతోషంగా రాసిస్తాడు. రాయనంటే, బయానా ఆపండి. ఆ చేను పోతే ఇంకో చేను దొరుకుతుంది.

ఇప్పటికే నష్టపోయినవాళ్ళు ఉంటే, దారులున్నాయి. రెరాలో నమోదవ్వాల్సిన లేఅవుటు, ఏజెంటు విషయమైతే ఏపీ రెరాకి ఫిర్యాదు చెయ్యొచ్చు. కమీషన్ తీసుకుని సరిగా సేవ చెయ్యని ఏజెంటు మీద మచిలీపట్నంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. రెండేళ్ళలోపు వెళ్ళాలి. లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100 నంబరుకి ఫోన్ చెయ్యండి. అది న్యాయసేవల సంస్థ నంబరు. ఆడవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ లాయరు సాయం ఉచితం.